నేల ఉసిరి పసరు: కామెర్లు తగ్గించేది ఆకా, రోజులా?

కళ్లు పచ్చబడ్డాయి అనగానే తెలుగు ఊళ్లలో ఇప్పటికీ ముందు వినిపించే మాట పసరు మందు. ఫలానా ఊళ్లో ఫలానా ఆయన ఆదివారం, గురువారం మాత్రమే ఇస్తాడట, పరగడుపున వెళ్లాలట, మూడు పూటలు తాగితే చాలట. రక్తపరీక్ష చేయించుకున్నవాళ్లు కూడా రిపోర్టు జేబులో పెట్టుకుని అటే వెళ్తారు. ఎవరి మందు వారికి రహస్యమే. అయినా చాలా చోట్ల ఆ రహస్యం పేరు నేల ఉసిరి. గట్ల మీద, పెరళ్లలో దానంతటదే మొలిచే మొక్కను వేళ్లతో సహా పీకి, కడిగి, మెత్తగా నూరి, ఆ ముద్దను మజ్జిగలోనో మేకపాలలోనో కలిపి తాగిస్తారు. వెంట పథ్యం ఉండనే ఉంటుంది. నూనె వద్దు, కారం వద్దు, మాంసం వద్దు, కొందరైతే ఉప్పూ వద్దంటారు. పసుపు కూడా మానేయమంటారు, ఒళ్లు ఇప్పటికే పచ్చగా ఉంది కాబట్టి కాబోలు.

ఈ మందు తాగి తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తగ్గిన మాట నిజం. దేనివల్ల తగ్గిందన్నదే తేలాల్సిన విషయం. నేల ఉసిరి మీద నలభై ఏళ్లుగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి, ప్రయోగశాలలోనూ మనుషుల మీదా. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఆకుకు దక్కిన పేరులో పెద్ద వాటా నిజానికి జబ్బు స్వభావానికి చెందాలని, ఆకులో ఉన్న అసలు గుణం వెతకాల్సిన చోటు వేరని అర్థమవుతుంది.

ముందు మొక్క సంగతి. శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. పెద్ద ఉసిరి చెట్టుదీ ఇదే ప్రజాతి. కానీ ఇది రెండడుగులకు మించి పెరగదు, వానలు పడగానే వచ్చి కొన్ని నెలల్లో ఎండిపోతుంది. సన్నటి రెమ్మకు రెండు వైపులా చింతాకును తలపించే చిన్న ఆకులు ఉంటాయి, చీకటి పడితే ముడుచుకుంటాయి. రెమ్మను తిరగేస్తే గుర్తు దొరుకుతుంది: ఆకుల మొదళ్ల దగ్గర, కింది వైపున, ఆవగింజ కంటే కాస్త పెద్దవైన పచ్చటి కాయలు వరుసగా వేలాడుతుంటాయి. ఒక ఆకు నమిలితే చేదు నాలుక మీద చాలాసేపు ఉంటుంది.

ఇక్కడో చిక్కు ఉంది. చరక సంహితలో తామలకి అనే మొక్క కనిపిస్తుంది. దాన్నే భూమ్యామలకి, అంటే మన నేల ఉసిరి అని వైద్యులు చెబుతారు. చ్యవనప్రాశ దినుసుల్లోనూ అది ఉంది. అయితే చరకుడు దాన్ని చేర్చిన ముఖ్యమైన జాబితాలు రెండు, ఒకటి దగ్గును తగ్గించేవి, రెండోది ఎగశ్వాసను తగ్గించేవి. మరోవైపు వృక్షశాస్త్రజ్ఞుల అంచనా ప్రకారం ఫిల్లాంథస్ అమారస్ పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. మన దేశపు పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఫిల్లాంథస్ నిరూరి అని రాసిందంతా నిజానికి అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్ అనే వేర్వేరు జాతుల కలగాపులగమని 1985లో భారతీయ శాస్త్రజ్ఞులే తేల్చారు. అసలు నిరూరి మన దగ్గర పెరగదు, అది అమెరికా మొక్క. కాబట్టి ఇవాళ పెరట్లో పీకుతున్న మొక్కకూ, వేల ఏళ్ల నాటి గ్రంథంలోని పేరుకూ మధ్య గీసే గీత అంత తిన్ననిది కాదు. "ఇది వేల ఏళ్లుగా కామెర్లకు వాడుతున్న మందు" అని ధీమాగా చెప్పేవారు ఈ సంగతి దాటేసి పోతారు.

కామెర్ల లెక్క

కామెర్లు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. పాతబడిన ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం తయారవుతుంది. కాలేయం దాన్ని శుద్ధి చేసి పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో అది డెసిలీటరుకు ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ ఉంటుంది. దాదాపు మూడుకు చేరితే కంటి తెల్లగుడ్డు పచ్చగా కనిపిస్తుంది. రక్తకణాలు ఎక్కువగా విరిగిపోయినా, కాలేయం దెబ్బతిన్నా, పైత్యనాళం మూసుకుపోయినా కనిపించే రంగు మాత్రం ఒకటే. పసరు మందు ఇచ్చే ఆయన ముందు కూర్చున్న నలుగురిలో నాలుగు రకాల జబ్బులు ఉండొచ్చు.

మన దగ్గర ఎక్కువమందికి వచ్చేవి హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ అనే కాలేయ వైరస్ జబ్బులు. రెండూ కలుషితమైన నీటితో, తిండితో వస్తాయి. చాలామందిలో వాటంతటవే తగ్గిపోతాయి. అవి నడిచే వరుస గమనించదగ్గది. మొదటి కొన్ని రోజులు జ్వరం, వికారం, ఆకలి చచ్చిపోవడం. ఆ తర్వాతే కళ్లు పచ్చబడతాయి. రంగు కనిపించే సమయానికి శరీరం వైరస్‌తో పోరాడి సగం పని పూర్తి చేసి ఉంటుంది, జ్వరం కూడా తగ్గుముఖం పడుతుంది. బిలిరుబిన్ మరో వారం, పది రోజులు పెరిగి, తర్వాత కొన్ని వారాల్లో మెల్లగా దిగుతుంది.

ఇంట్లోవాళ్లు పసరు మందుకు తీసుకెళ్లేది ఎప్పుడు? రంగు బాగా కనబడ్డాక, రెండు మూడు రోజులు చూసి, ఎవరో చెబితే. అంటే దాదాపు జబ్బు శిఖరానికి చేరిన రోజుల్లో. అక్కడి నుంచి ఏం తాగినా, ఏం తాగకపోయినా రంగు దిగాల్సిందే. మూడో పూట మందు తాగిన నాలుగు రోజులకు ఆకలి పుడితే ఆ ఘనత గ్లాసులోని పసరుకు దక్కుతుంది. ఇందులో మోసం ఉండనక్కర్లేదు. మందు ఇచ్చే ఆయన కూడా వందమందికి ఇచ్చి, తొంభై మందికి పైగా లేచి తిరగడం కళ్లారా చూసినవాడే. తగ్గనివాళ్లు మళ్లీ ఆయన దగ్గరికి రారు, పట్నంలో ఆసుపత్రికి పోతారు. ఆయన లెక్కలో వాళ్లు ఉండరు.

మద్యం తాగేవారి విషయంలో ఇంకో మెలిక. పసరు పథ్యంలో సారా, కల్లు ముట్టకూడదనేది గట్టి నియమం. మద్యం వల్ల వాచిన కాలేయానికి నిజమైన మందు కూడా అదే, తాగుడు మానడం. డాక్టరు పదేళ్లుగా చెబుతున్నా వినని మనిషి, "పసరు వికటిస్తుంది" అన్న భయంతో నలభై రోజులు సీసా ముట్టకపోతే కాలేయం కోలుకోవడం మొదలవుతుంది. ఆ నలభై రోజుల ఫలితం ఆకు ఖాతాలో పడుతుంది. ఈ ఒక్క విషయంలో పసరు వైద్యుడి మాటకున్న బలం చూసి డాక్టర్లు అసూయపడినా తప్పులేదు.

దీన్ని తేల్చాలంటే ఒకటే దారి. ఒకే రకం రోగులను రెండు గుంపులు చేసి, ఒకరికి ఆకు పొడి, ఇంకొకరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా చూడాలి. వైరస్ వల్ల అప్పుడే కామెర్లు వచ్చిన రోగులపై కేరళ వైద్యులు చేసిన పరీక్ష 1999లో వెలువడింది. నేల ఉసిరి పొడి కామెర్ల రోజులను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదని అందులో తేలింది. పసరు మందుకు ఎక్కువ పేరున్న జబ్బులోనే ఫలితం ఇలా వచ్చింది.

మద్రాసు నుంచి లాన్సెట్ దాకా

నేల ఉసిరి ప్రపంచం దృష్టిలో పడింది ఈ మామూలు కామెర్లతో కాదు, హెపటైటిస్ బీతో. ఆ కథ ఆగి చెప్పుకోదగ్గది.

హెపటైటిస్ బీ వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ అందుకున్న బరూక్ బ్లంబర్గ్ అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఫాక్స్ చేజ్ క్యాన్సర్ సెంటర్‌లో పనిచేసేవారు. ఆయన బృందంలోని వెంకటేశ్వరన్, మిల్‌మన్‌లతో కలిసి నేల ఉసిరి సారాన్ని వుడ్‌చక్ అనే జంతువు మీద పరీక్షించారు. ఆ జంతువుకు వచ్చే కాలేయ వైరస్ మనుషుల హెపటైటిస్ బీకి దగ్గరి చుట్టం. 1987లో వెలువడిన ఫలితాలు ఆశ పుట్టించాయి. ఆ ఏడే అమెరికాలో పేటెంట్ కూడా వచ్చింది. మన పెరటి మొక్క మీద ఎక్కడో పేటెంటా అని తర్వాత ఇక్కడ గొడవ కూడా జరిగింది.

1988లో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన త్యాగరాజన్ బృందం, బ్లంబర్గ్ కలిసి లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. హెపటైటిస్ బీ వైరస్ ఒంట్లో స్థిరపడిపోయిన వారికి నేల ఉసిరి పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. కోర్సు ముగిశాక 15-20 రోజులకు పరీక్షిస్తే, పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్, అంటే వైరస్ ఒంట్లో ఉందని చెప్పే దాని పైపొర ప్రొటీన్, కనబడలేదు. అంటే 59 శాతం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో అలా జరిగింది ఒక్కరికే.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే నేటి మందులతో పోల్చాలి. స్థిరపడిన హెపటైటిస్ బీలో ఆ యాంటిజెన్ దానంతటది మాయమయ్యేది ఏడాదికి వందమందిలో సుమారు ఒకరికి. ఇవాళ వాడే టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వైరస్‌ను బాగా అణచి ఉంచుతాయి, సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం), కాలేయ క్యాన్సర్ ముప్పు తగ్గిస్తాయి, కానీ యాంటిజెన్‌ను పూర్తిగా తుడిచిపెట్టడం వాటి వల్లా అరుదే. నెల రోజుల ఆకు పొడితో సగానికి పైగా జనంలో అది జరిగిందంటే వైద్య చరిత్రే మారిపోవాలి. మారలేదు. థాయ్‌లాండ్‌లో, న్యూజిలాండ్‌లో, మన దేశంలోనే మరోచోట మళ్లీ చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. మొక్క పెరిగిన నేల వేరు, కోసిన కాలం వేరు, జాతే వేరు అని చాలా వివరణలు వచ్చాయి. మొదటి అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర గుంపు నుంచి చాలామంది మధ్యలో తప్పుకోవడం మీదా విమర్శ ఉంది. 2011లో కాక్రేన్ సమీక్ష, అంటే వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూకం వేసే అంతర్జాతీయ సంస్థ చేసిన సమీక్ష, 16 పరీక్షలను, వాటిలోని 1,326 మంది రోగులను కలిపి చూసింది. ఉత్తుత్తి మాత్రతో నేరుగా పోల్చింది వాటిలో ఒక్కటే, అందులో తేడా లేదు. మిగతావి యాంటీవైరల్ మందుకు ఈ మొక్కను జోడించి చూసినవి, వాటి నాణ్యత అంతంతమాత్రం. నమ్మదగ్గ ఆధారం లేదన్నది సమీక్ష ముగింపు.

యూట్యూబులో, వాట్సాప్‌లో నేల ఉసిరి గురించి వచ్చే ప్రతి వీడియోలో ఆ 59 శాతం ఏదో ఒక రూపంలో ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తర్వాతి ఇరవై మూడేళ్ల సంగతి అందులో ఉండదు.

ఆకులో ఏముంది

ఇంత చెప్పాక ఆకు వట్టిదే అనుకుంటే అదీ తప్పే. నేల ఉసిరిలో ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్లు (ఒక రకం మొక్క రసాయనాలు) ఉన్నాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి విషాల బారి నుంచి ఎలుక కాలేయ కణాలను ఇవి కాపాడినట్టు 1985లోనే భారతీయ పరిశోధకులు చూపించారు. జెరానిన్, కొరిలాగిన్ అనే టానిన్లు (వగరు పదార్థాలు) కూడా ఉన్నాయి. చేదు, వగరు వీటన్నిటి పుణ్యమే. గిన్నెలో పెంచిన కణాల మీద, ఎలుకల మీద వీటి ప్రభావం పదే పదే కనబడింది.

అయితే లిగ్నాన్లు నీళ్లలో సరిగా కరగవు. ప్రయోగశాలలో ఆల్కహాలు వంటి ద్రావకాలతో వాటిని బయటికి లాగుతారు. ఇంట్లో ఆకులు మరిగించి వడగట్టిన కషాయంలోకి దిగేది ఎక్కువగా టానిన్లే. ముద్దగా నూరి తాగితే ఆకుతోపాటు అన్నీ లోపలికి వెళ్తాయి నిజమే, కానీ పేగులోంచి రక్తంలోకి చేరేది ఎంత అన్నది వేరే లెక్క. ప్రయోగశాల ఫలితాన్ని తెచ్చి వంటింటి కషాయానికి అతికించేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది మూత్రపిండాల రాళ్ల విషయం. బ్రెజిల్‌లో దీని అసలు చుట్టం నిరూరి మొక్క టీని రాళ్ల మందుగా జనం తరతరాలుగా తాగుతున్నారు. అక్కడి శాస్త్రజ్ఞులు కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మూత్రపిండ కణాల్లోకి చొచ్చుకుపోవడాన్ని ఈ సారం అడ్డుకుంటుందని ప్రయోగశాలలో గమనించారు. రాళ్లు ఏర్పడే ధోరణి ఉన్న 69 మందికి మూడు నెలలు క్యాప్సూళ్లు ఇచ్చి చూసిన 2004 నాటి పరీక్షలో, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయేవారిలో అది తగ్గింది. 2006లో వెలువడిన ఇటలీ అధ్యయనం ఇంకా ఆసక్తికరం. షాక్‌వేవ్‌తో రాళ్లు పగలగొట్టించుకున్న 150 మందిని తీసుకుని, కొందరికి మూడు నెలలు రోజుకు రెండు గ్రాముల సారం ఇచ్చారు. మొత్తంగా చూస్తే రాళ్లు పూర్తిగా పోయినవారు 93.5 శాతం, మందు తీసుకోనివారిలో 83.3 శాతం. ఈ తేడా కాకతాళీయం కావచ్చు. కానీ మూత్రపిండం అడుగు అరల్లో ఇరుక్కున్న రాళ్ల దగ్గర 93.7కు 70.8, అది గట్టి తేడానే. ముక్కలు బయటికి జారడానికి కష్టమైన చోటు అదే.

ఇక్కడ ఆకు రాయిని కరిగిస్తుందని ఎవరూ అనలేదు. పగిలిన ముక్కలు అతుక్కోకుండా, కొత్తవి పెరగకుండా తోడ్పడుతుందన్నది ఊహ. అదీ నిరూరితో చేసింది, మన అమారస్‌తో కాదు. అయినా కామెర్ల మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు ఇటు పెట్టినా, సరైన జాతితో పెద్ద పరీక్షలు మన దగ్గర చేసినా ఫలితం దక్కే అవకాశం ఎక్కువ. రాళ్ల జబ్బు మన ఎండలకు తక్కువేమీ కాదు.

షుగర్, బీపీల గురించి రెండు ముక్కలు చాలు. టాంజానియాలో 21 మంది టైప్-2 షుగర్ రోగులకు వారం పాటు ఆకు కషాయం ఇస్తే షుగర్ తగ్గలేదు. బీపీ తగ్గుతుందని చెప్పే మన దేశపు 1995 నాటి అధ్యయనంలో ఉన్నది తొమ్మిది మంది, పది రోజులు.

పసరు ఎవరిని ముంచుతుంది

ఆకు తాగిన మామూలు మనిషికి దానివల్ల పెద్ద హాని జరిగే అవకాశం తక్కువ. హాని చేసేది ఆ ఆకును నమ్ముకుని పోగొట్టుకున్న రోజులు.

పిత్తాశయం నుంచి జారిన రాయి నాళంలో ఇరుక్కున్నా, క్లోమగ్రంథి తల భాగంలో గడ్డ పెరిగినా కళ్లు పచ్చబడతాయి. అప్పుడు మలం సుద్దలా తెల్లబడుతుంది, మూత్రం ముదురు రంగులోకి మారుతుంది, ఒళ్లంతా దురద పుడుతుంది. నొప్పి లేకుండా రోజురోజుకూ రంగు పెరిగే యాభై ఏళ్లు దాటిన మనిషికి కావాల్సింది అల్ట్రాసౌండ్. ఆపరేషన్‌కు అందే దశలో ఉన్న గడ్డ, నెల రోజుల పసరు, పథ్యం ముగిసేసరికి అందని దశకు చేరొచ్చు.

టీబీ మాత్రలు వాడుతున్నవారి సంగతి ఇంకా ఇబ్బందికరం. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఆ మందుల మధ్యలో కామెర్లు కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పోయి వాటిని ఆపించాలి. అవి మింగుతూనే పొద్దున్నే పసరు తాగితే లోపల జరిగే నష్టం ఆగదు.

గర్భిణుల్లో హెపటైటిస్ ఈ మామూలు కామెర్ల లెక్కలోకి రాదు. చివరి మూడు నెలల్లో సోకితే 20-25 శాతం దాకా ప్రాణాలు పోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పురిటి బిడ్డల్లో, ముఖ్యంగా పుట్టిన 24 గంటల్లోపు కనిపించే పచ్చదనం మెదడుకు చేటు తేగలదు. దానికి నీలి కాంతి కింద పడుకోబెట్టే చికిత్స ఉంది. పసరు చుక్కలు అక్కడ ఏ పనీ చేయవు. ఏ వయసువారైనా మగతగా ఉండి, మాట తికమకపడుతూ, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కారుతుంటే కాలేయం చేతులెత్తేస్తోందని అర్థం. ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.

కొన్ని చోట్ల పసరును కంట్లో, ముక్కులో పోస్తారు, చేతి మీద వాత పెడతారు. ముక్కులోంచి పచ్చటి నీరు కారితే కామెర్లు దిగిపోతున్నాయని సంబరపడతారు. ఘాటైన పసరు పడితే ముక్కు పొర మండి నీరు కారుతుంది, అంతే. బిలిరుబిన్ ఆ దారిన బయటికి పోదు.

అందరికంటే నిశ్శబ్దంగా నష్టపోయేది హెపటైటిస్ బీ ఉన్నవారు. చాలామందికి కళ్లు పచ్చబడనే పడవు. ఎప్పుడో రక్తదానంలో బయటపడుతుంది. ఒంట్లో ఏ బాధా లేదు కాబట్టి కొన్నాళ్లు పసరు తాగి "పోయింది" అనుకుంటారు, మళ్లీ టెస్టు చేయించరు. వైరస్ లోపల ఇరవై, ముప్పై ఏళ్లు పనిచేసుకుంటూ పోయి సిర్రోసిస్‌గా తేలుతుంది. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో బీ, సీ రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సీ అయితే ఎక్కువమందిలో 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతోంది. ఈ సంగతి పసరు మందు వేసే ఊరి పేరు తెలిసినంత మందికి తెలియదు.

ఇంత తెలిసీ నేల ఉసిరి తీసుకోవాలనుకునేవారు లేకపోలేదు. వైద్యుల పుస్తకాల్లో తాజా రసం మోతాదు రోజుకు 10-20 మిల్లీలీటర్లు, పొడి 3-6 గ్రాములు. గ్లాసులకు గ్లాసులు కాదు. కొనే పొడి విషయంలో ఒక అధ్యయనం పనికొస్తుంది. దక్షిణ భారతంలోని 25 మూలికల దుకాణాల నుంచి నేల ఉసిరి పేరుతో అమ్మేది సేకరించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. 76 శాతం నమూనాల్లో ఉన్నది దాదాపు పూర్తిగా ఫిల్లాంథస్ అమారస్సే. మిగతా నాలుగో వంతులో వేరే ఐదు జాతులు దొరికాయి, కొన్నింటిలో కలిసిపోయి. మన మూలికల బజారుకు ఇది చెడ్డ మార్కేమీ కాదు. పీకి తెచ్చుకునేవారు పత్తి, మిరప చేల గట్లు వదిలేయడం మంచిది, కలుపు మందు ముందు పడేది ఇలాంటి మొక్కల మీదే. షుగర్, బీపీ మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణులు దీని జోలికి పోకూడదు. కళ్లు పచ్చగా ఉన్నవారు మాత్రం ముందు బిలిరుబిన్, ఎస్‌జీపీటీ (కాలేయ కణాలు దెబ్బతిన్నాయేమో చూపేది), ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపేది), హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ పరీక్షలు చేయించుకుని, ఆ రిపోర్టు ఎవరికో ఒక డాక్టరుకు చూపించాకే ఆకు సంగతి ఆలోచించాలి.